పావు చుట్టు

మృగశిర పెట్టిన రోజు చేప తినకపోతే ఆ ఏడంతా ఆయాసం వదలదంటారు. అందుకని సంపూర్ణమ్మ పొద్దున్నే పటమట మార్కెట్టుకి పోయి, బతికున్న కొర్రమీనులు రెండు సంచిలో నీళ్ళు పోయించుకుని మరీ తెచ్చింది. కొర్రమీను అంత తేలిగ్గా చచ్చే జీవి కాదు. డాబా మీద పంపు దగ్గర బూడిదలో పొర్లించి, తోకని మడమ కింద తొక్కిపెట్టి, పచ్చడిబండతో నెత్తిన ఒక్కటేస్తే మొదటిది చచ్చింది. రెండోది ఎన్ని దెబ్బలు తిన్నా నోరు తెరుస్తూ మూస్తూ ఆమె వంకే చూసింది. ఆఖరి దెబ్బ సంపూర్ణమ్మ కాస్త కోపంగానే వేసింది. నెత్తురు తూము దాకా పారి, రాత్రి కురిసిన వాన నీళ్ళలో పల్చబడింది.

రాత్రి వానంటే మామూలు వాన కాదు. రోహిణి ఎండ రోళ్ళని పగలగొట్టి ఊరుకుంటుంది గాని, దాని వెనకాల వచ్చే గాలి కొంపల్నే పగలగొడుతుంది. వీధి చివర షెడ్డు రేకులు కాగితాల్లా లేచిపోయాయి. కరెంటు స్తంభం ఒకటి ఒరిగింది. వానజల్లు పడమటి కిటికీలోంచి గదిలోకి కొట్టి, మూల నిలబెట్టిన బేస్ గిటారు పెట్టె కింద మడుగు కట్టింది.

సంపూర్ణమ్మ కోడలు క్రిస్టినా ఆ పెట్టె తుడిచి, గిటారు తీసి, మంచం అంచున కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. దానికి నాలుగే తీగలు, వేలెడు లావు కాకపోయినా చూడ్డానికి అలాగే ఉంటాయి. చర్చిలో ఆమె దాన్ని వాయిస్తే, పాట పాడేవాళ్ళకి కింద నేల లాంటిది ఆ మోత. మొన్నటిదాకా వేలు ఆనిస్తే పలికిన తీగ ఇవాళ కిందికి దిగనంటోంది. తీగకీ మెడ మీది మెట్లకీ మధ్య రూపాయి బిళ్ళలు దొంతరగా పెట్టేంత ఎడం వచ్చింది. బలంగా నొక్కితే దిగుతుంది, కాని దిగేసరికి స్వరం ఉండాల్సిన చోటు దాటి పైకి పోతోంది. క్రిస్టినా ఒక కన్ను మూసి, సూదిలోకి దారం ఎక్కించేదానిలా మెడని వారగా చూసింది. విల్లులా వంగింది.

కర్రకి ప్రాణం పోయినా దాహం పోదు. ఎండల్లో ఆరిపోయి ముడుచుకుంటుంది, వానల్లో గాలిలో ఉన్న చెమ్మంతా తాగి ఒళ్ళు చేస్తుంది. తీగలు ముందుకి లాగుతుంటే మెడని వెనక్కి పట్టి ఉంచడానికి లోపల ఒక ఇనపకడ్డీ ఉంటుంది. మెకానిక్కులు వాడే ఎల్ కీతో దాన్ని పావు చుట్టు బిగిస్తే మెడ తిన్నగా అవుతుంది. పని అంతే. కాని ఆ ఎల్ కీ ఆమె భర్త యేసుకుమార్ మోటారుసైకిలు తాళాల గుత్తికి ఉంటుంది. గిటారుకి కీ పెట్టేది ఏడాదికి ఒక్కసారే, ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం ముందురోజు, అదీ తన చేత్తోనే. మాటిమాటికీ తిప్పితే మర అరుగుతుందని ఎవరో పెద్దాయన చెప్పిన మాటని అతను బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు. మట్టలాదివారమంటే ఎండలు. ఎండల్లో తీగ మెట్లకి తగిలి గరగరమంటే కడ్డీ వదులు చేసేవాడు. ఆ వదులు మీద ఇప్పుడు వాన పడింది.

మెడ వంగిన సంగతే అతను షెడ్డుకి బయల్దేరుతుంటే క్రిస్టినా చెప్పింది. అతను ఆటోనగర్లో లారీల షెడ్డులో పని చేస్తాడు, చర్చిలో గిటారు వాయిస్తూ పాటలు నడిపిస్తాడు. హెల్మెట్టు తుడుచుకుంటూ, మెడ వంగడం కాదు, నీ ఒళ్ళు వంగట్లేదు అన్నాడు. సాయంత్రం చర్చిలో ప్రాక్టీసుకి ఆలస్యం చెయ్యొద్దన్నాడు.

ప్రాక్టీసులో రెండో పాట మధ్యలో అతను చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టించాడు. మళ్ళీ ఆపాడు. క్రిస్టినా నొక్కిన ప్రతి స్వరమూ గోరంత పైకి పోతూనే ఉంది. పాడే ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. యేసుకుమార్ తన గిటారు స్టాండుకి ఆనించి, దాన్ని స్పీకరుకి కలిపే జాక్ వైరు ఊడబీకి, మడతపెట్టి, దగ్గరికి వచ్చి ఆమె ఎడమ మణికట్టు మీద కొట్టాడు. వైరు చివర ఇత్తడి మొన ఎముకకి తగిలి టక్కుమంది. డ్రమ్ములు వాయించే జాన్‌బాబు, యేసుకుమార్ మేనమామ కొడుకు, తన చేతిలో పుల్లకి ఏదో చీలిక వచ్చినట్టు దానివంకే చూస్తూ కూర్చున్నాడు. బల్ల మీద బైబిలు తెరిచే ఉంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఆదివారం చర్చి యానివర్సరీ. బయటి చర్చిల నుంచి పాస్టరయ్యగార్లొస్తన్నారు," అన్నాడు యేసుకుమార్, గొంతు పెంచకుండా. "వాళ్ళ ముందు ఒక్క స్వరం తప్పిందా, ఈ చేతి నాలుగు వేళ్ళూ తలుపులో పెట్టి నొక్కేస్తా. ఇంక జన్మలో తప్పదు."

అతను ఊరికే బెదిరించే రకం కాదు. గ్లాసు పగలగొడతానంటే పగలగొట్టేవాడు, జుట్టు కత్తిరిస్తానంటే కత్తిరించేవాడు. ఆ సంగతి ఆ ఇంట్లో గోడలకి కూడా తెలుసు.

*

శుక్రవారం పొద్దుటికి మణికట్టు వాచి వంకాయలా నిగనిగలాడింది. సంపూర్ణమ్మ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. వేస్తూ వేస్తూ, మగాడికి కోపం వచ్చినప్పుడు ఎదురు నిలబడకూడదనీ, తను ఆ వయసులో పశువుల పాకలోకి పోయి కూర్చునేదాన్ననీ, పాకలోకీ వచ్చి కొట్టిన రోజులున్నాయనీ చెప్పుకొచ్చింది. చెప్పినదానికి చివర ఏం నీతి పెట్టాలో ఆమెకే తోచలేదు. సున్నం డబ్బా మూత పెట్టి లేచిపోయింది.

మధ్యాహ్నం యేసుకుమార్ భోజనానికి వచ్చాడు. నిన్నటి పులుసు ఇవాళ ఇంకా రుచిగా ఉంటుంది, కాని ముద్దలో ముల్లు వచ్చింది. కంచం తీసి గోడకేసి కొట్టాడు. అన్నం గోడ మీద అతుక్కుని మెల్లగా జారింది. చెయ్యి కడుక్కుని, చాప మీద పడుకుని, రెండు నిమిషాల్లో గురకపెట్టాడు. తాళాల గుత్తి మేకుకి తగిలించి ఉంది.

క్రిస్టినా గోడ తుడిచింది. తుడుస్తూనే గుత్తి వంక చూసింది. తడిగుడ్డ బకెట్లో వేసి, చెయ్యి చీరకి తుడుచుకుని, గుత్తిని అరచేతిలో అణిచిపెట్టి, గలగలమనకుండా మేకు మీంచి దించింది.

గదిలోకి వెళ్ళి ముందు నడిమి తీగలు రెండూ వదులు చేసింది. మెడ చివర ఉన్న చిన్న మూతకి రెండు మరలు. ఉల్లిపాయల కత్తి మొనతో వాటిని తీసి, పారేసుకోకుండా నోట్లో పెట్టుకుంది. ఎల్ కీ లోపలికి దింపింది. వాచిన చెయ్యి పట్టు దొరకనివ్వలేదు. గిటారుని మోకాళ్ళ మధ్య ఇరికించి, కుడిచేత్తో గడియారం ముల్లు తిరిగేవైపు నెట్టింది. కడ్డీ ఒప్పుకోలేదు. ఇంకాస్త నెట్టింది. లోపల ఎక్కడో కిర్రుమంది, పాత మంచం మీద మనిషి పక్కకి తిరిగినట్టు. పావు చుట్టు తిరిగింది. ఆపేసింది.

తలెత్తితే గుమ్మంలో సంపూర్ణమ్మ. ఒక చేతిలో చింతపండు పళ్ళెం, రెండో చేతిలో గింజ.

"తెలిస్తే చంపుద్ది చూడు ఆడి కోపం."

"తిప్పకపోయినా చంపుద్దిగా అత్తయ్యా," అంది క్రిస్టినా, మరలు నోట్లో పెట్టుకునే.

సంపూర్ణమ్మ అటు చాప వంక చూసి, ఇటు గదిలోకి వచ్చి గోడవార కూర్చుంది. గింజ తీసి పళ్ళెంలో వేసింది. కాసేపటికి, ఏడాదికోసారి చాలదా దీనికి అని అడిగింది.

చాలదంది క్రిస్టినా. మూతకి మరలు బిగిస్తూ చెప్పింది. కాలం మారినప్పుడల్లా చూసుకోవాలి. ఎండలు ముదిరినప్పుడోసారి, వానలు పట్టినప్పుడోసారి, క్రిస్మస్ చలిలోనోసారి. తీగని ఈ చివరా ఆ చివరా నొక్కిపెట్టి నడిమిన సందు చూస్తే తెలిసిపోతుంది, శుభలేఖ అట్ట దూరిందా సరిపోయింది. సరిపోతే ముట్టుకోకూడదు, ఊరికే కెలికితే ఉన్నది పోతుంది. వంగితేనే పావు చుట్టు. అదీ ఒక్క రోజులో అంతా తిప్పకూడదు, కడ్డీ తెగుతుంది. ఒక రాత్రి వదిలెయ్యాలి, కర్ర తనంతట తను సర్దుకోవాలి, తెల్లారాక మళ్ళీ చూడాలి.

"మగాడి మూతి చూసి కూర ఒండినట్టుంది దీని యవ్వారం," అంది సంపూర్ణమ్మ.

క్రిస్టినాకి నవ్వొచ్చింది. నవ్వితే పెదవి పక్కన పాత పుండు లాగింది. అంతలో చాప మీద గురక ఆగింది. సంపూర్ణమ్మ గింజ పళ్ళెంలో వెయ్యకుండా పట్టుకుంది. అతను అటు తిరిగి పడుకున్నాడు. సంపూర్ణమ్మ లేచి కోడలి చేతిలోంచి తాళాల గుత్తి తీసుకుంది. కొడుకు కాళ్ళ మీంచి దాటి, మేకుకి తగిలించి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయింది. ఆ మనిషి అంతకుముందు అలాంటి పని ఎప్పుడూ చేసి ఎరగదు. చింతపండు పళ్ళెం కింద పెట్టబోయి పొయ్యి మీద పెట్టింది.

శనివారం తెల్లవారి అతను స్నానానికి వెళ్ళిన వేళ మళ్ళీ చూస్తే అట్ట ఇంకా వదులుగానే దూరింది. ఇంకో చిన్న బిగింపు, పావుకి తక్కువే. తీగలు ఎక్కించి, చెవి ఆనించి వింది. స్వరం చోటు దాటకుండా నిలబడింది. రేపు గడిస్తే చాలు అనుకుంది, తన ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకుని.

*

శనివారం షెడ్డు ఒంటిపూటే. మళ్ళీ మబ్బు పట్టింది. యేసుకుమార్ వస్తూనే బూట్లు విప్పకుండా గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచాడు. రేపు ఎలా వాయిస్తుందో చూద్దామనుకున్నాడో, ముందే ఏదైనా తప్పు దొరికితే బాగుండనుకున్నాడో.

మొదటి పాట వరస వాయించాడు. తీగ వెన్నలా దిగింది. స్వరం గదిలో కాదు, రొమ్ములో మోగింది. అతని మొహం ఒక్క క్షణం పిల్లాడి మొహంలా విచ్చుకుంది. మళ్ళీ మొదటినుంచి వాయించాడు. ఎక్కడా తప్పు లేదు. ఈసారి మొహం మూసుకుపోయింది. గిటారుని మంచం మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు. వంటింట్లోంచి ఆ జాగ్రత్త చూసి క్రిస్టినా పొయ్యి కట్టేసి గదిలోకి వచ్చింది.

ఎవరు తిప్పారన్నాడు. నేనే అంది.

"అంటే నాకన్నా బాగా తిప్పావన్నమాట."

అంతే అన్నాడు. చెంపమీద కొట్టిన దెబ్బకి ఆమె తల బీరువాకి తగిలి, బీరువా అద్దం పగుళ్ళు తీసింది. లేవబోతే కడుపులో తన్నాడు. జడ పట్టుకుని గది గుమ్మం దాకా ఈడ్చాడు. పెదవి చిట్లి నెత్తురు నేలమీద గీతలా వచ్చింది. బూటు ఆ గీతని తొక్కి రెండుగా చేసింది.

కొడుకు గొంతు లేస్తే సంపూర్ణమ్మ ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కడం అలవాటు. బట్టలు ఆరేసినా, ఆరెయ్యకపోయినా. ఆ రోజూ లేచింది. మెట్ల దాకా వెళ్ళింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి అక్కడే ఆగిపోయింది.

గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. అతను క్రిస్టినా ఎడమచెయ్యి నాలుగు వేళ్ళూ ద్వారబంధం అంచున పరిచి, తన ఎడమచేత్తో అక్కడే అదిమిపెట్టి, కుడిచేత్తో తలుపుని తోశాడు. మామిడి చెక్క తలుపు. మూడు రోజుల వాన చెమ్మ తాగి కూర్చుంది. బంధానికి జానెడు దూరంలో అడుగు నేలకి పట్టేసి ఆగిపోయింది. అతను ఇంకా గట్టిగా తోశాడు. బూటుతో తన్నాడు. అది గరగరమని వేలెడు జరిగి మళ్ళీ పట్టేసింది.

క్రిస్టినా అరవలేదు. ఆ తలుపు ఎందుకు రావడం లేదో ఆమెకి తెలుసు. దాని అడుగు పైకి లేపితే వస్తుందనీ తెలుసు. అతనికి ఆ సంగతి ఎప్పుడు తోస్తుందా అని అతని మొహమే చూస్తోంది.

తోచింది. వంగి, కుడిచెయ్యి వేళ్ళు తలుపు అంచు చుట్టూ బిగించి పైకి లేపబోయాడు. ఆ బరువుకి ఎడమచెయ్యి పట్టు కాస్త సడలింది. క్రిస్టినా వేళ్ళు లాక్కుంది. లాక్కుని పారిపోవచ్చు. కిటికీ వైపో, మంచం అవతలికో. ఆమె అలా చెయ్యలేదు. వీపు తలుపుకి ఆనించి, రెండు కాళ్ళూ మంచం కోడుకి తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న సత్తువంతా వెనక్కి తోసింది.

అడుగు పైకి లేచి ఉన్న తలుపు ఒక్కసారిగా వచ్చింది.

చప్పుడు పెద్దగా రాలేదు. తడి పుల్ల విరిచినట్టు వచ్చింది. తరవాత యేసుకుమార్ అరుపు వచ్చింది, ఆ అరుపుకి కింది వాటాలో అద్దెకున్నవాళ్ళ మిక్సీ ఆగిపోయింది. అతని కుడిచెయ్యి వేళ్ళు బంధానికీ తలుపుకీ మధ్య ఉండిపోయాయి. తలుపు అడుగు మళ్ళీ నేలకి పట్టేసింది. ఇప్పుడు అది తెరుచుకోదు కూడా.

"తియ్యి," అన్నాడు. "తియ్యవే. క్రిస్టినా, నీ కాళ్ళు పట్టుకుంటా, తియ్యి."

ఆమె తిరిగి తలుపు అంచు పట్టుకుని లాగింది. నెత్తురుకి చెయ్యి జారింది. చీర కొంగు చుట్టుకుని లాగింది. రాలేదు. లాగిన కొద్దీ అతను అరిచాడు. అవతల్నించి అడుగుల చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా, అడుగున తన్నండి. మీదికి కాదు, అడుగున."

సంపూర్ణమ్మ అవతల నేలమీద కూలబడి, రెండు పాదాలూ తలుపు అడుగుకి ఆనించి తన్నింది. మొదటి తాపుకి కదల్లేదు. రెండో తాపు కాస్త కోపంగానే తన్నింది.

*

రెండు వేళ్ళ ఎముకలు విరిగాయి, రెండు గోళ్ళు ఊడాయి. ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే వాన తలుపండీ, బిగుసుకుపోయింది అన్నాడు యేసుకుమార్, ఎవరి మొహమూ చూడకుండా. అక్కడి డాక్టరమ్మ క్రిస్టినా పెదవి వంకా, మణికట్టు వంకా చూసి, పోలీసులకి చెప్పాలా అని నెమ్మదిగా అడిగింది. క్రిస్టినా ఏం చెప్పాలో తేల్చుకునేలోగా వెనక బెంచీ మీదున్న తరవాతి రోగిని పిలిచేశారు.

ఆదివారం చర్చి నిండిపోయింది. యేసుకుమార్ ముందు వరసలో, కట్టు కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని కూర్చున్నాడు. బయటి ఊరినుంచి వచ్చిన పాస్టరయ్యగారు ఆ చేతి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. క్రిస్టినా గిటారు పట్టీ భుజాన వేసుకుని ఎత్తుకుంటుంటే జాన్‌బాబు ముందుకి వంగాడు.

"చెల్లెమ్మా, ఆ తలుపు ఎవరేశారు?"

"నేనే అన్నయ్యా."

జాన్‌బాబు పుల్ల వంక చూసుకున్నాడు. తల గోక్కున్నాడు. గురువారం ప్రాక్టీసులో జరిగినదాని గురించి ఏదో అనబోయి మింగాడు. ఆడు వాయించట్లేదుగా, వన్ టూ త్రీ నువ్వే చెప్పు మరి అన్నాడు. ఆమె చెప్పింది. పాట ఎత్తుకున్నారు. వాచిన మణికట్టు ప్రతి స్వరానికీ సలిపింది, కాని ఒక్క స్వరమూ చోటు తప్పలేదు. వెనక వరసల్లో ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఏదో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ అనుకుంది.

ఇంటికి వచ్చాక సంపూర్ణమ్మ అన్నం కలిపి కొడుక్కి ముద్దలు పెడుతోంది. ఉక్కగా ఉంది. ఫ్యాను స్విచ్చు అతను కూర్చున్న చోటికి పైన, గోడమీద. క్రిస్టినా దగ్గరికి వచ్చి స్విచ్చు కోసం చెయ్యెత్తింది.

యేసుకుమార్ చటుక్కున తల దించి, కట్టు ఉన్న చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నోట్లో ముద్ద ఒళ్ళో పడింది.

 క్రిస్టినా చెయ్యి అలా గాలిలోనే ఉంది. ఆమెకి ఒక్క క్షణం బాగుంది. దాచుకోవడమెందుకు, చాలా బాగుంది. ఎండాకాలం కుండలో నీళ్ళు తాగినట్టు ఆ బాగుండడం గొంతులోంచి కిందికి దిగింది. ఎంత బాగుందంటే చెయ్యి దించబుద్ధి కాలేదు. ఇంకొంచెం ఎత్తితే ఇంకొంచెం ముడుచుకుంటాడని తెలిసింది. ఎత్తాలనిపించింది. ఇన్నాళ్ళూ అతనికి ఇలాగే ఉండేదన్నమాట అనుకుంది. అప్పుడు ఒళ్ళు జలదరించింది.

స్విచ్చు నొక్కి చెయ్యి దించింది.

గదిలోకి వెళ్ళి రెండు చీరలు, తువ్వాలు, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుంది. గిటారు పెట్టె భుజానికి తగిలించుకుంది. కంకిపాడులో పిన్ని తెరేసమ్మ ఉంది, ఫోను చేస్తే రమ్మంది, ఎందుకని అడగలేదు. యేసుకుమార్ గుమ్మంలో ఆమెను చూసి నోరు తెరిచాడు. బతిమాలడానికో, తిట్టడానికో అతనికే తేలినట్టు లేదు. తల్లి వంక చూశాడు. సంపూర్ణమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కుంటోంది.

"ఆడి చేతి ఏళ్ళు మానేదాకా అన్నా ఉండమంటే ఉంటావా," అంది, నీళ్ళ వంకే చూస్తూ.

"ఉంటే మానవత్తయ్యా. నేనే మాననివ్వను."

సంపూర్ణమ్మకి అది సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలింది. చెయ్యి తుడుచుకుని, గొడుగు తీసుకుని, కోడలి వెనకే మెట్లు దిగింది. వీధిలో వాన జోరందుకుంది. ఒరిగిన కరెంటు స్తంభాన్ని తాళ్ళు కట్టి లేపుతున్నారు. బస్సు స్టాపు దాకా బురద. సంపూర్ణమ్మ గొడుగు విప్పి, తన నెత్తి మీదా పెట్టుకోలేదు, కోడలి నెత్తి మీదా పెట్టలేదు. ఒక అడుగు వెనక నడుస్తూ, చెయ్యి చాచి, కోడలి వీపు మీద నిలబడ్డ గిటారు పెట్టెకి పట్టింది.

"మీరు తడుస్తన్నారత్తయ్యా," అంది క్రిస్టినా.

"నేను ఆరతాలే. అది తడిస్తే మళ్ళీ తిప్పాలిగా."

బస్సు వచ్చేదాకా ఇద్దరూ తడిశారు.